మిషను పిన్ని కుట్టిన దొంగజేబు

మిషను పిన్నికి కోపం వచ్చిందంటే వీధంతటికీ తెలిసిపోతుంది. ఆవిడ నోరు తెరవక్కర్లేదు, మిషనే చెప్పేస్తుంది. మామూలు రోజుల్లో నింపాదిగా టకటకలాడే ఆ పాత కుట్టుమిషను, ఆవిడ ఒళ్ళు మండిన రోజున పెడలు ఊడిపోతుందేమో అన్నంత మోత పెడుతుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు గుమ్మం దాకా వచ్చి ఆ చప్పుడు విని, "ఇవాళ పిన్ని అగ్గిమీద గుగ్గిలంలా ఉంది, రేపొద్దాం పద" అనుకుంటూ చల్లగా జారుకుంటారు.

ఆవిడకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన మిషను, ఎదురుగా గుడ్డ కత్తిరించే బల్ల, బల్ల కింద పీలికల గోనెసంచి, గోడకి వరసగా కొక్కేలు, వాటికి వేలాడుతూ వీధిలోవాళ్ళ సగం సగం బట్టలు. మెడలో టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. ఆవిణ్ణి కట్టుకున్న పాపానికి ఆయన వీధి మొత్తానికీ బాబాయి అయిపోయాడు. కాజాలు తియ్యడం, బొత్తాలు కుట్టడం, ఇస్త్రీ చెయ్యడం బాబాయి పని. మనిషి మాట తక్కువ. ఇద్దరి వాటా మాటలూ ఆవిడే వాడేస్తోందని ఆయన ఫిర్యాదు. అది కూడా ఆవిడ బజారుకెళ్ళినప్పుడే చేస్తాడు.

ఇంత నోరున్న మనిషీ ఒక్క మాట దగ్గర మాత్రం చిన్నప్పట్నించీ నోరు కట్టేసుకునే బతికింది.

అప్పట్లో పిన్ని చదువులో మొద్దేమీ కాదు. రెండో బెంచీలో కూర్చునేది. పాఠం పైకి చదవమని టీచరు ముందుగా లేపేది ఆవిణ్ణే. ఏడో తరగతిలో ఒక మధ్యాహ్నం అలా లేచి చదువుతుంటే వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. బెంచీ మీద మరక. టీచరు దగ్గరికొచ్చి, పుస్తకాల సంచి వెనక్కి అడ్డం పెట్టుకుని ఇంటికి పొమ్మంది. ఎందుకు పొమ్మందో చెప్పలేదు. ఇంటికొస్తే అమ్మ ఒక పాత గుడ్డ చేతిలో పెట్టి, "ఎవరికీ చెప్పకు" అంది. "ఏది చెప్పకూడదమ్మా?" అని అడిగితే, "నోరు ముయ్యి" అంది. ఆ తర్వాత బడికి వెళ్ళొద్దని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. పక్క వీధిలో మేనత్త ఇంట్లో మిషను ముందు కూర్చోబెట్టారు, అక్కడితో సరి. ఇప్పటికీ చుట్టాల్లో ఎవరైనా "దానికి చదువబ్బలేదు పాపం" అన్నారంటే ఆ రోజు మిషను మోత వినాలి. అబ్బకపోవడమేమిటి? చేతిలో పుస్తకం లాక్కుని అబ్బలేదంటే ఎలా?

పిన్నికి పిల్లల్లేరు. అక్క దూరాన ఒక ఆస్పత్రి వంటింట్లో పనిచేస్తుంది. ఉండేది కూడా అక్కడే, తోటివాళ్ళతో కలిసి ఒక ఇరుకు గదిలో. అందుకని అక్క కూతురు ఊహ తెలిసినప్పట్నించీ పిన్ని దగ్గరే పెరిగింది. కళ్ళు తెరిచింది మొదలు మూసేదాకా వాగుతూనే ఉండేది కాబట్టి వసపిట్ట అన్నారు, అది అరిగి అరిగి పిట్ట అయింది. బడిలో ఉన్న ఒకే ఒక్క మైక్రోస్కోపులో ఉల్లిపొర చూపించిన రోజున పిట్ట ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చి, "పిన్నీ, దాన్లో ఇటుకలు పేర్చినట్టు గదులున్నాయి! పెద్దయ్యాక నేను రోజంతా అదే చూసే ఉద్యోగం చేస్తా" అంది.

"ఉల్లిపాయలు చూస్తే జీతమెవరిస్తారే?" అన్నాడు బాబాయి.

ఆస్పత్రి ల్యాబులో రక్తం చూసేవాళ్ళకి ఇస్తారట. ఆ మాట చెవిన పడ్డ క్షణం నుంచీ, ఈ పిల్ల చేత సైన్సు చదివించి తీరాలని పిన్ని భీష్మించుకు కూర్చుంది.

అంతటి వాగుడుకాయ ఎనిమిదో తరగతిలో ఒకరోజు, బడి వదలకముందే, నడుముకి స్వెటరు చుట్టుకుని మూగదానిలా ఇంట్లోకొచ్చింది. నేరుగా వంటింట్లోకెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. పిన్ని కత్తెర పక్కనపెట్టి వెళ్ళి "ఏమయిందే?" అంటే, "పిన్నీ, నేను చచ్చిపోతానా?" అంది.

పిన్నికి తల కొట్టేసినట్టయింది. పిల్లకి ముందే చెప్పాలని ఆవిడ అనుకోకపోలేదు. బడిలో పాఠం ఉందటగా, టీచరయితే పద్ధతిగా చెబుతుంది కదా అని ఊరుకుంది. ఇప్పుడు దగ్గరికి తీసుకుని, తెలిసిందీ తెలియందీ కలిపి, బాబాయికి వినపడకుండా గుసగుసగా చెప్పింది. "మరి మీ టీచరమ్మ చెప్పలేదుటే?" అని అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆ పాఠం రాగానే సైన్సు టీచరు "ఇది మీరు ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు గబగబా తిప్పేసి తర్వాతి పాఠంలోకి దూకేసిందట. ఆడపిల్లలు తలలు దించుకున్నారట, మగపిల్లలు ఇకిలించారట. ఇల్లేమో బడి చెబుతుందిలే అనుకుంటుంది. బడేమో తెచ్చి ఇంటి నెత్తిన పడేస్తుంది. మధ్యలో పిల్ల గోడకి ఆనుకుని చచ్చిపోతానా అని అడుగుతుంది. ఇదేం చదువండీ! ఆ సాయంత్రం పిన్ని తొక్కిన తొక్కుడికి మిషను బెల్టు తెగింది.

పోనీ బడిలో ఏర్పాట్లు లేవా అంటే, ఉన్నాయి. ఎవరో పెద్దమనుషులు వచ్చి పెట్టెల కొద్దీ ప్యాడ్లు ఇచ్చారు. ఫొటోలు దిగారు, చప్పట్లు కొట్టించుకున్నారు. ఆ పెట్టెలన్నీ ఆఫీసు గదిలో బీరువాలోకెక్కించి తాళం వేశారు. తాళంచెవి గుమస్తా దగ్గర. కావలసిన పిల్ల మగవాళ్ళందరూ కూర్చున్న ఆ గదిలోకెళ్ళి నిలబడాలి. గుమస్తా తలెత్తకుండా "ఏం కావాలి? దేనికి?" అంటాడు. దేనికట! పిల్లలు ఆ గడప తొక్కడం మానేసి, కడుపునొప్పని చెప్పి ఇంటికెళ్ళిపోవడం మొదలెట్టారు. నెలనెలా ఇలా వెళ్ళిపోతుంటే, "ఈ ఆడపిల్లలకి చదువు మీద ధ్యాసే లేదు" అని లెక్కల మాస్టారు తేల్చేశాడు. బీరువాలో ప్యాడ్లు మాత్రం భద్రంగా ఉన్నాయి.

ఆ బడికి ఏటా యూనిఫారాలు కుట్టేది పిన్నే. మగపిల్లల లాగూకి చెరో పక్కా జేబు, వెనకొకటి, చొక్కాకి ఇంకోటి. ఆడపిల్లల స్కర్టుకి ఒక్కటీ లేదు. జేబు పెడితే ప్లీట్లు చెడిపోతాయిట, పొందిగ్గా ఉండదట. ఏళ్ళ తరబడి బడివాళ్ళిచ్చిన నమూనా ప్రకారం కళ్ళు మూసుకుని కుట్టిన పిన్ని, ఆ ఏడు బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దముక్క చేత్తో పట్టుకుని ఆగిపోయింది.

"గోలీలు దాచుకునే వెధవలకి ఒంటినిండా జేబులా! అవసరమున్న పిల్లకి ఒక్కటి లేదా!"

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?" అన్నాడు బాబాయి.

"గుడ్డతో" అని, పిన్ని కత్తెర అందుకుంది.

నడుం పట్టీ కింద, ఎడమవైపు, ప్లీటు మడత లోపల అరచెయ్యంత జేబు పెట్టింది. పైకి చూస్తే గీత కూడా కనపడదు. ఉతికే తల్లికైనా వెతికితే తప్ప దొరకదు. అందులో ఒక ప్యాడు మడిచి పెట్టుకుంటే పిల్ల రోజంతా ధీమాగా తిరగొచ్చు. ముందు పిట్ట స్కర్టుకి కుట్టింది. అది చూసి పిట్ట స్నేహితురాళ్ళు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు, కొలతలకొచ్చినప్పుడు పిన్ని చెవిలో ఊదారు. పిట్ట పదో తరగతికొచ్చేసరికి బడిలో ఆడపిల్లలందరి స్కర్టులకీ దొంగజేబులున్నాయి. వాళ్ళలో వాళ్ళకో పద్ధతి కూడా ఏర్పడింది. ఎవరికైనా ఉన్నట్టుండి అవసరం పడితే నోరు తెరిచి అడగక్కర్లేదు. ఎడమ చెయ్యి నడుము మీద వేసి నిలబడితే చాలు. చూసిన పిల్ల ఎవరైనా వచ్చి తన జేబులోది చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. ఒక్క మాట బయటికి రాకుండా పని జరిగిపోతోందని తెలిసి పిన్ని ఎంత మురిసిపోయిందో!

ఆ మురిపెం పెద్దపరీక్షల్లో సైన్సు పరీక్ష రోజుదాకా నిలిచింది.

ఆ రోజు పిన్ని మిషను ముందు కూర్చుందే గానీ మనసు మనసులో లేదు. ఈ ఒక్క సబ్జెక్టులో మంచి మార్కులొస్తేనే పిట్టకి పై చదువులో సైన్సు సీటు. అప్పటికి రెండుసార్లు అంచు వంకరగా కుట్టి విప్పింది. అంతలో బడి ప్యూను రొప్పుకుంటూ గుమ్మంలోకొచ్చాడు.

"అమ్మా, హెడ్మాస్టరుగారు నిన్ను ఉన్నపళంగా రమ్మంటున్నారు. మీ పిల్ల కాపీ కొడుతూ దొరికింది."

"ఎవరూ, మా పిట్టా? నీకేమైనా మతిపోయిందా?"

"నాకేం తెలుసమ్మా, స్కర్టులో దొంగజేబు ఉందట, అందులో చీటీలున్నాయట. ఆ జేబు కుట్టింది కూడా నువ్వేనట."

పిన్ని కాళ్ళకి చెప్పులు వేసుకుందో లేదో ఆవిడకే తెలీదు. పనిలో నడుముకి కట్టుకునే గుడ్డతో, మెడలో టేపుతో, చేతుల నిండా సుద్దతో అలాగే పరుగెత్తింది.

హెడ్మాస్టరు గది బయట వరండాలో, గోడవారగా ఒక స్టూలు మీద పిట్ట కూర్చుని ఉంది. మొహంలో రక్తం చుక్క లేదు. పిన్నిని చూసి కూడా లేవలేదు.

"ఏమయిందే తల్లీ? లే, లోపలికెళ్దాం."

"లేవలేను పిన్నీ" అంది పిట్ట, పెదవులు కదిలీ కదలకుండా. "పరీక్ష మధ్యలో వచ్చేసింది. నడుం మీద చెయ్యేశాను, ఎవరైనా చూస్తారేమోనని. లెక్కల మాస్టారు చూశాడు."

"మరి నీ జేబులో ఉందిగా! వెళ్ళి మార్చుకోలేకపోయావా?"

"జేబు మీద చెయ్యి వెయ్యొద్దన్నారు. సాక్ష్యమట."

ఒంటి మీదే పెట్టుకుని, వాడుకోవడానికి వీల్లేక, ఇంతసేపటినుంచీ పిల్ల ఆ స్టూలుకి అతుక్కుపోయి కూర్చుంది. అవతల గదిలో తోటిపిల్లలు పరీక్ష రాసుకుంటున్నారు. పిన్నికి పాత బెంచీ, పాత మరక, వెనక్కి అడ్డం పెట్టుకున్న సంచి, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. పళ్ళు పటపట కొరుక్కుంటూ తలుపు తోసింది.

లోపల బల్ల వెనక హెడ్మాస్టరు, పక్కన చేతులు కట్టుకుని లెక్కల మాస్టారు, బీరువాకి ఆనుకుని సైన్సు టీచరు ఉన్నారు. హెడ్మాస్టరు చెడ్డవాడేమీ కాదు. కుర్చీ చూపించి, "కూర్చోమ్మా" అన్నాడు. పిన్ని కూర్చోలేదు.

"చూడమ్మా, మీ అమ్మాయి పదేపదే నడుము దగ్గర చెయ్యి పెడుతుంటే మాస్టారు గమనించారు. ఏమిటని అడిగితే సమాధానం లేదు. టీచరమ్మని పిలిచి వెతికించాం. మడతలో దొంగజేబు, అందులో ఏదో ఉంది. తీసి చూపించమంటే ఆ పిల్ల రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. తప్పు చెయ్యకపోతే అంత భయమెందుకు?"

"ఒక్కర్తి కాదు సార్" అందుకున్నాడు లెక్కల మాస్టారు. "అనుమానం వచ్చి టీచరమ్మ చేత వెతికిస్తే ఆ గదిలో ఆడపిల్లలందరి స్కర్టుల్లోనూ అదే జేబు! ఏమర్రా ఇది అంటే ఒక్కతీ నోరు విప్పదు. మిగతావాళ్ళ సంగతి పరీక్షయ్యాక తేలుద్దామని రాయనిచ్చాం గానీ, అందరూ కూడబలుక్కునే చేశారు. ఇదొక ముఠా."

ముఠా! దొంగలు, దోపిడీగాళ్ళు! పదహారేళ్ళు నిండని పిల్లలు వరసగా తలలు దించుకుని, కాపీ దొంగలన్న పేరైనా నెత్తికెత్తుకున్నారు గానీ ఆ మాట పైకి అనలేకపోయారు.

"పరీక్షల ఆఫీసుకి రిపోర్టు పంపాలి. పంపితే ఈ ఏడు పోయినట్టే. అంతకుముందు నిన్ను ఒకమాట అడగాలి. ఆ జేబులు కుట్టింది నువ్వేనా?" అన్నాడు హెడ్మాస్టరు.

"నేనే కుట్టాను."

"ఎందుకు కుట్టావు?"

ఇంకేముంది, పిన్ని ఇప్పుడు ముగ్గుర్నీ కడిగి ఆరేస్తుందని ఎవరైనా అనుకుంటారు. నీళ్ళ పంపు దగ్గర వీధి మొత్తాన్ని ఒంటిచేత్తో దులిపేసే మనిషి. కానీ పిన్నికి గొంతులో ఏదో అడ్డం పడింది. ఇద్దరు మగవాళ్ళు ఎదురుగా ఉన్నారు. కట్టుకున్న మొగుడి దగ్గరే "ఒంట్లో బాలేదు" అని ఇన్నేళ్ళూ దాటేసిన మాట ఇది. అమ్మ నోరు ముయ్యమన్న మాట. పిన్ని నోరు తెరిచింది, మూసింది. ఆ జేబుని అంత నేర్పుగా ఎందుకు దాచిందో ఆవిడకి అప్పుడర్థమైంది. పిల్లల చేతిలో ప్యాడు పెట్టింది గానీ, అమ్మ తనకిచ్చిన "ఎవరికీ చెప్పకు"ని కూడా అదే జేబులో పెట్టి కుట్టేసింది. అందుకే ఆ పిల్ల నోరు మూసుకుని స్టూలు మీద కూర్చుంది.

"చూశారా సార్, సమాధానం లేదు" అన్నాడు లెక్కల మాస్టారు.

ఆ మాటతో పిన్ని గొంతులో అడ్డం కాస్తా ఊడిపోయింది.

"నెలసరి సార్" అంది. తనకే వింతగా అనిపించేంత గట్టిగా వచ్చింది మాట. "నెలసరొస్తే పెట్టుకునే ప్యాడు కోసం కుట్టాను. చీటీ లేదు, గీటీ లేదు. అందులో ఉన్నది ప్యాడు. ఆ పిల్లకి మీ పరీక్ష మధ్యలో నెలసరి వచ్చింది. జేబులో ఉన్నదాన్ని ముట్టుకోవద్దని మీరు దాన్ని స్టూలెక్కించారు."

హెడ్మాస్టరు గబుక్కున ఫ్యాను వంక చూశాడు. లెక్కల మాస్టారు కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలెట్టాడు, అక్కడేదో విమానం దిగుతున్నట్టు.

"అది... రుజువేమిటి?" అన్నాడు కిటికీతోనే.

"రుజువు కావాలా? తెచ్చి ఈ బల్ల మీద పెట్టమంటారా?"

"అమ్మా, వద్దమ్మా, వద్దు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఏం, ఎందుకొద్దు? చీటీ అయితే బల్లమీద పరిచి పదిమందికీ చూపించేవాళ్ళుగా! దూదిముక్క చూడ్డానికి కళ్ళు తిరుగుతున్నాయా?" పిన్ని సైన్సు టీచరు వైపు తిరిగింది. "టీచరమ్మా, మీరు చెయ్యి పెట్టి చూశారుగా. అదేమిటో మీకు తెలీలేదా?"

సైన్సు టీచరు మొహం కందగడ్డయింది. "తెలిసింది సార్" అంది చివరికి, హెడ్మాస్టరుతో. "చెయ్యి తగలగానే తెలిసింది. మాస్టారు పక్కనే ఉన్నారు, మగపిల్లలంతా చూస్తున్నారు. నాకు... చెప్పాలనిపించలేదు. 'ఏదో ఉంది' అన్నాను."

"ఏదో ఉంది!" పిన్ని రెండు చేతులూ ఎత్తింది. "ఎంత చల్లగా చెప్పావు తల్లీ! నీ సిగ్గు కోసం దాని చదువు పణం పెట్టావా? నువ్వూ ఆడదానివే కదా, నీకూ వస్తుంది కదా!"

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "అదే ముక్క ఆ పిల్ల అప్పుడే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు కదమ్మా."

"ఎవరికి చెప్పాలి సార్? ఎప్పుడు నేర్పారు చెప్పడం? పాఠమేమో ఇంటి దగ్గర చదువుకోమన్నారు. ప్యాడ్లేమో బీరువాలో పెట్టి తాళమేశారు. అడగబోతే దేనికంటాడు మీ గుమస్తా. ఇన్నేళ్ళు నోరు మూసుకోవడం నేర్పి, ఇవాళొచ్చి నోరెందుకు విప్పలేదంటారా?"

పిన్ని వాళ్ళ జవాబు కోసం ఆగలేదు. బయటికొచ్చి, తన నడుముకున్న పనిగుడ్డ విప్పి పిట్ట నడుముకి చుట్టింది. చెయ్యి పట్టుకుని లేపి, వరండా పొడుగునా నడిపించుకుంటూ తీసుకెళ్ళింది. స్టూలు మీద మరకని సైన్సు టీచరు తన రుమాలుతో తుడిచింది. ఎవరూ చెప్పకుండానే తుడిచింది, అదొక్కటి ఒప్పుకోవాలి.

రిపోర్టు పంపలేదు. సుద్ద గీతల పనిగుడ్డ కట్టుకునే పిట్ట మళ్ళీ పరీక్ష గదిలోకెళ్ళింది. పోయిన సమయం ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోవన్నారు. పిల్లని స్టూలెక్కించడానికి మాత్రం ఏ రూలూ అడ్డం రాలేదు. వెళ్ళిపోతుంటే హెడ్మాస్టరు వెనకాలే వచ్చి, "పొరపాటయిపోయింది, మనసులో పెట్టుకోకమ్మా" అన్నాడు.

"మరెక్కడ పెట్టుకోమంటారు? జేబులోనా?" అని పిన్ని గేటు దాటింది.

సాయంత్రం పిట్ట అన్నం ముందు కూర్చుని, "టీచరు ఈ ఏడు కూడా వదిలేసిన ఆ పాఠంలోంచే ప్రశ్న వచ్చింది పిన్నీ" అంది. "బొమ్మ గీసి భాగాలు రాయమన్నారు. నాకొచ్చు, నేనే చదువుకున్నా కదా. సగం గీశాను, గంట కొట్టేశారు." అని ఏడ్చింది. పిన్ని ఏడవలేదు. వెళ్ళి మిషను ముందు కూర్చుంది గానీ తొక్కలేదు. బాబాయి ఇస్త్రీపెట్టె పక్కకి పెట్టి వచ్చి ఏమయిందని అడిగాడు. పిన్ని దాచకుండా, ఆ మాట ఆ మాటలాగే చెప్పింది.

బాబాయి తలదించుకుని కాజా దారం వేలికి చుట్టుకుంటూ విన్నాడు. "నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు" అన్నాడు.

ఫలితాలొచ్చాయి. పిట్ట పాసయింది. సైన్సులో మాత్రం సీటుకి కావలసిన మార్కులు రాలేదు. దూదిముక్కంత అవసరం దగ్గర ఇంత చదువు చదివిన పెద్దవాళ్ళు నీళ్ళు నమిలితే, ఆ ఖరీదు కట్టింది మళ్ళీ ఆ పిల్లే. ఆ ఒక్క పరీక్షా మళ్ళీ రాసుకోవచ్చన్నారు. "రాస్తా పిన్నీ" అంది పిట్ట. అంతకుమించి ఆ వేసవంతా ఆ పిల్ల నోట్లోంచి పెద్దగా మాటలు రాలేదు.

ఈలోగా బడినుంచి కొత్త యూనిఫారాల నమూనా వచ్చింది. దాంతోపాటే ఒక ఆజ్ఞ. ఇకపై ఆడపిల్లల స్కర్టుల లోపల రహస్యంగా జేబులు కుట్టరాదు. పిన్ని ఆ కాగితాన్ని ఉండచుట్టి గోడకేసి కొట్టబోయింది.

"ఆగు" అన్నాడు బాబాయి. కళ్ళజోడు సర్దుకుని కాగితం ఇంకోసారి చదివాడు. "లోపల వద్దన్నారు. బయట వద్దనలేదుగా."

పిన్ని మొగుణ్ణి ఎగాదిగా చూసింది. ఇన్నాళ్ళూ దాచుకున్న తెలివంతా ఒక్క ముక్కలో వాడేశాడు మహానుభావుడు. ఆ రాత్రే బూడిదరంగు స్కర్టు మీద, కుడిపక్కన, వీధి చివరినుంచి చూసినా కనపడేలా ముదురు నీలం జేబు పెట్టి, తెల్లదారంతో రెండు వరసల కుట్టు వేసింది. బాబాయి దానికి కాజా తీసి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద బొత్తాం కుట్టాడు.

హెడ్మాస్టరు పిలిపించి అడిగితే, "లోపలేం లేదు సార్, అంతా బయటే ఉంది" అంది పిన్ని. "జేబు లేని స్కర్టు కావాలంటే వేరే దర్జీని చూసుకోండి." వేరే దర్జీ దొరికేవాడే. కానీ ఆ రోజు ముఠా అనిపించుకున్న పిల్లల తల్లులు ఒక్కొక్కరే వచ్చి, మా పిల్లకి జేబున్నదే కావాలన్నారు. హెడ్మాస్టరు మింగలేక కక్కలేక ఊరుకున్నాడు. సైన్సు టీచరు ఆ పాఠం ఈసారి తరగతిలో చెప్పిందట, బోర్డు వైపు తిరిగే అయినా చెప్పిందట. బీరువా తాళంచెవి మాత్రం ఇప్పటికీ గుమస్తా దగ్గరే ఉంది. పిన్ని దాని మీద కూడా కన్నేసి ఉంచింది.

మళ్ళీ పరీక్ష రోజు వచ్చింది. పిట్ట కొత్త స్కర్టు వేసుకుంది. పిన్ని గేటుదాకా వెంట వెళ్ళింది, వద్దన్నా వెళ్ళింది. గేటు దగ్గర వరసలో మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసే నిలబడ్డారు. ఒక్కొక్కరినీ ఆపి లోపలికి పంపుతున్నది ఎవరనుకున్నారు? లెక్కల మాస్టారే. పిట్ట వంతు వచ్చింది. ఆయన ఆ పిల్ల ఎవరో పోల్చుకోకుండా, అలవాటుగా నీలం జేబు వైపు పెన్ను చూపించి, "అందులో ఏముంది?" అన్నాడు.

పిట్ట ఆగింది. పిన్ని గేటు చువ్వలు పట్టుకుంది. ఆ పిల్ల మళ్ళీ తలదించుకుంటే ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు.

"ప్యాడ్లున్నాయి సార్" అంది పిట్ట. వరస మొత్తానికీ వినపడింది. "నెలసరికి. ఒకటి నాకు, ఇంకోటి ఎవరికైనా కావలిస్తే ఇవ్వడానికి. బొత్తాం తియ్యమంటారా?"

వెనకనుంచి ఎవడో ఇకిలించాడు. పిట్ట అటు తిరిగి, "ఏం, నీకు కావాలా?" అంది. వాడు నోరు మూశాడు.

లెక్కల మాస్టారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "వెళ్ళమ్మా" అన్నాడు. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, "బాగా రాయి" అన్నాడు.

"రాస్తా సార్, పోయినసారి కూడా రాసేదాన్నే" అని పిట్ట లోపలికి నడిచింది. నడుస్తూ పక్కనున్న పిల్లతో ఏదో చెప్పడం మొదలెట్టింది. ఆవరణ దాటి, మెట్లెక్కి, గది తలుపు మూసేదాకా ఆ వాగుడు పిన్నికి వినపడుతూనే ఉంది.